ద్రాక్ష కోత: ఏ రోజన్నది ఎవరు తేల్చాలి?

మామిడిని, అరటిని పచ్చిగా కోసినా మగ్గబెడితే పండుతాయి. ద్రాక్షకు ఆ అవకాశం లేదు. తీగ నుంచి గుత్తి తెగేసరికి దాంట్లో తీపి ఎంతుందో అంతే. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉంచినా వాడిపోతుంది తప్ప పండదు. ఇంట్లో వైన్ చేసుకునేవాళ్లు కొందరు కలిసి దగ్గర్లోని తోట నుంచి ద్రాక్ష తెచ్చుకుందాం అనుకున్నప్పుడు వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ ఒక్క విషయం దగ్గరే పుడతాయి. డబ్బు, బండి, సామాను, పంపకం, ఇవన్నీ కూర్చుని మాట్లాడుకుంటే తెగేవే. ఏ రోజు కోయాలన్నది మాత్రం రైతు ఒకవైపు, వాన ఒకవైపు, పండు ఒకవైపు, గుంపులో ఒక్కొక్కరి సెలవులు ఒకవైపు లాగే విషయం. దీన్ని ముందే విడదీసి చూసుకోకపోతే స్నేహంగా మొదలైన పని మొదటి సీజన్‌లోనే మాటపట్టింపుల మీదకు పోతుంది.

ముందు లెక్క చూద్దాం. పిండే పద్ధతిని బట్టి కిలో ద్రాక్షకు 600 నుంచి 700 మిల్లీలీటర్ల వైన్ వస్తుంది. అంటే 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి నిండాలంటే కిలోకి పైనే కావాలి. ఇళ్లలో ఎక్కువగా వాడే 23 లీటర్ల జాడీకి 35 నుంచి 40 కిలోలు పడతాయి. ఒక్కరే వెళ్లి 40 కిలోలు కావాలంటే పెద్ద తోట రైతు ఆగి మాట్లాడటం కష్టమే. ఆయన లెక్క టన్నుల్లో ఉంటుంది. కూలీలు, బండి, కొనేవాళ్లు అన్నీ ముందే కుదిరిపోయి ఉంటాయి. అదే పది పన్నెండు మంది కలిసి వెళ్లి, రెండు మూడు వరుసలు మాకు వదలండి, మేమే కోసుకుంటాం, అర టన్ను తీసుకుంటాం అంటే మాట వేరుగా ఉంటుంది. ఆ మేరకు ఆయనకు కోత కూలి తప్పుతుంది. పెద్ద కొనుగోలుదారుకు అక్కర్లేని చిన్న ముక్క కూడా అమ్ముడుపోతుంది. కలిసి కొంటే ధర తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గితే మంచిదే. కానీ నా లెక్కలో అసలు లాభం తోట గేటు తెరుచుకోవడమే.

దగ్గరి తోటే ఎందుకన్న ప్రశ్నకు "తాజాగా ఉంటుంది" అన్న జవాబు నిజమే గానీ చిన్నది. దూరం నుంచి పెట్టెల్లో వచ్చే ద్రాక్ష ఏ రోజు కోశారో, ఏ మందు ఎప్పుడు కొట్టారో, తీగకు ఎన్ని గుత్తులు వదిలారో మనకు తెలియదు. దగ్గరి తోటైతే కాయ రంగు తిరిగే దశలో ఒకసారి, ఆ తర్వాత మరో రెండు మూడుసార్లు వెళ్లి చూడొచ్చు. ద్రాక్ష రంగు తిరిగిన దగ్గర్నుంచి కోతకు రకాన్నీ వేడినీ బట్టి దాదాపు 40 నుంచి 50 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో తోటలో నడవగలిగినవాళ్ల చేతికే కోత నిర్ణయం వస్తుంది.

ఏ రకం దొరికితే ఆ రకం

తినే ద్రాక్షతో వైన్ చేస్తే చప్పగా వస్తుందని అందరూ అంటారు. దానికి కారణం తెలిస్తే రకం ఎంచుకోవడం తేలిక. తినే రకాల్లో కాయ పెద్దది, తొక్క పలచన, దిగుబడి ఎక్కువ. తీపి మితంగా ఉన్నప్పుడే కోసేస్తారు. వైన్ రకాల్లో కాయ చిన్నది, తొక్క మందం, గింజ ఉంటుంది. ఎర్ర వైన్‌కి రంగు, వగరు, చాలామేరకు వాసన కూడా తొక్క నుంచే వస్తాయి. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క వాటా పెరుగుతుంది. అందుకే చిన్న కాయలు పనికొస్తాయి.

ఆ తర్వాతి ప్రశ్న, మన దగ్గరి నేలలో ఏది పండుతుంది? 1944లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో అమెరిన్, వింక్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక కొలత ఇచ్చారు. 10 డిగ్రీల సెల్సియస్‌కి పైన రోజూ ఎంత వేడి ఉందో పెరిగే కాలమంతా కూడుతూ పోతే, ఆ మొత్తాన్ని బట్టి ఒక చోట ఏ రకాలు పూర్తిగా పండుతాయో అంచనా వేయొచ్చు. చలి దేశాల కోసం పెంచిన సంకరాలు కూడా ఉన్నాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 2006లో విడుదల చేసిన మార్కెట్ (Marquette) అనే రకం అలాంటిదే. ఇలాంటి రకాల్లో తీపి బాగా వచ్చినా పులుపు ఎక్కువగానే మిగులుతుంది. 1849లో అమెరికాలోని కాన్‌కార్డ్ ఊళ్లో ఎఫ్రాయిమ్ బుల్ ఎంపిక చేసిన కాన్‌కార్డ్ ద్రాక్షకు మిథైల్ ఆంత్రానిలేట్ అనే పదార్థం వల్ల ఒక ఘాటైన తియ్యటి వాసన ఉంటుంది. అది వైన్‌లోనూ ఉండిపోతుంది. కొందరికి అదే ఇష్టం.

పేరున్న రకమే కావాలని వెతికి, ఆ వాతావరణంలో సగమే పండిన కాబర్నే ద్రాక్ష తెచ్చుకునే కంటే, పేరు లేకపోయినా అక్కడ నిండుగా పండే రకాన్ని తీసుకోవడం ఎప్పుడూ మంచిది. గుంపులో ఈ మాట మొదటి సమావేశంలోనే అనుకోవాలి.

పండిందని ఎలా తెలుస్తుంది?

ఇక్కడే అసలు ముడి ఉంది. పండటం అనేది ఒక్క సంగతి కాదు. కాయలో నాలుగైదు మార్పులు ఒకేసారి, వేర్వేరు వేగాలతో నడుస్తుంటాయి.

తీపి పెరుగుతుంది. దాన్ని బ్రిక్స్‌లో కొలుస్తారు. 100 గ్రాముల రసంలో ఉజ్జాయింపుగా ఎన్ని గ్రాముల చక్కెర ఉందో అది చెబుతుంది. వైన్ ద్రాక్షను సాధారణంగా 20 నుంచి 25 బ్రిక్స్ మధ్య కోస్తారు. బ్రిక్స్‌ని 0.55 నుంచి 0.6తో గుణిస్తే వచ్చే ఆల్కహాల్ శాతం దాదాపుగా తెలుస్తుంది. 23 ఉంటే 13 శాతం దగ్గర అన్నమాట. కోత దగ్గర పడ్డాక, ఎండలు బాగుంటే వారానికి 1 నుంచి 2 బ్రిక్స్ పెరగడం మామూలే. అంటే కోత వారం అటూ ఇటూ అయితే సీసాలో తేడా కచ్చితంగా తెలుస్తుంది.

పులుపు తగ్గుతుంది. ద్రాక్షలో రెండు ముఖ్యమైన ఆమ్లాలు ఉంటాయి, టార్టారిక్, మాలిక్. మాలిక్‌ను కాయ తన శ్వాసలోనే ఖర్చు చేసుకుంటుంది, వేడి ఎక్కువైతే ఇంకా వేగంగా. టార్టారిక్ చాలావరకు నిలకడగా ఉంటుంది. అందుకే వేడి చోట తీపి రాకముందే పులుపు పడిపోతుంది, చలి చోట తీపి వచ్చినా పులుపు దిగదు. పులుపుతో పాటు, దాని బలం తగ్గేకొద్దీ పెరిగే అంకె అయిన పీహెచ్‌నీ చూడాలి. తెల్ల వైన్‌కి 3.1 నుంచి 3.4, ఎర్ర వైన్‌కి 3.3 నుంచి 3.6 బాగుంటుంది. పీహెచ్ పెరిగితే రుచి మెత్తబడటం ఒక్కటే సమస్య కాదు, వైన్‌ని కాపాడుకోవడం కష్టమవుతుంది. పాడవకుండా కాపాడే సల్ఫర్ డయాక్సైడ్, పీహెచ్ 3.2 ఉంటే లీటరుకు దాదాపు 20 మిల్లీగ్రాములు దేనితోనూ కలవకుండా విడిగా మిగిలి ఉంటే సరిపోతుంది. 3.6 ఉంటే అదే రక్షణకు 50 కావాలి.

ఇక కొలతకు దొరకనివి. గింజ ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకి మారి, కొరికితే టక్కున విరగాలి. తొక్కను నమిలితే గడ్డి వాసన పోయి పండు వాసన రావాలి. వేళ్ల మధ్య నొక్కితే కాయ తొడిమ నుంచి తేలిగ్గా ఊడి రావాలి.

గుంపులో ఒకరికి తేలికపాటి గులాబీ రంగు వైన్ (రోజే, rosé) కావాలి, ఆయన తొందరపడతారు. ఇంకొకరికి చిక్కటి ఎర్ర వైన్ కావాలి, ఆయన ఇంకో వారం ఆగుదామంటారు. ఇద్దరి మాటా సబబే. ఈ వాదన తెగాలంటే, కోత తర్వాత ఇంట్లో సరిదిద్దుకోగలిగేది ఏది, సరిదిద్దలేనిది ఏది అని విడదీయాలి. తీపి తక్కువైతే లీటరుకు 17 గ్రాముల చక్కెర కలిపితే ఒక శాతం ఆల్కహాల్ పెరుగుతుంది. పులుపు తక్కువైతే టార్టారిక్ ఆమ్లం కలపొచ్చు. కానీ పచ్చి గింజ వగరును, గడ్డి వాసనను, కుళ్లును ఏ పొడీ తీయలేదు. కాబట్టి నా ఓటు ఎప్పుడూ ముందు పండు ఆరోగ్యానికి, తర్వాత వాసనకు, ఆ తర్వాతే మీటరు చూపించే అంకెకు. బ్రిక్స్ ఒక్కటి చూసి తేదీ పెట్టే గుంపులు సులువుగా దిద్దుకోగలిగే దాని కోసం, దిద్దుకోలేని వాటిని వదులుకుంటున్నాయి.

నమూనా తీయడంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. తోటలోకి వెళ్లగానే కన్ను నిగనిగలాడే కాయ మీదకే పోతుంది, చెయ్యి దాన్నే తెంపుతుంది. అలా తీసిన కాయల రసం అసలు తోట కంటే తియ్యగా ఉంటుంది. కోశాక మొత్తం పిండి చూస్తే అంకె తగ్గి కనిపిస్తుంది. దీనికి విరుగుడు, చూడకుండా తీయడం. ఒక వరుసలో ఇన్ని మొక్కలకు ఒకటని ముందే లెక్క పెట్టుకోవాలి. ఆ మొక్క దగ్గర ముఖం పక్కకు తిప్పి చేతికి దొరికిన గుత్తి పట్టుకోవాలి. ఒకసారి గుత్తి పైభాగం నుంచి, ఒకసారి మధ్య నుంచి, ఒకసారి కొస నుంచి కాయ తీయాలి. ఎండ పడే వైపు ఎన్నో, నీడ వైపు అన్ని. వరుస మొదట్లో, చివర్లో ఉన్న మొక్కల్ని వదిలేయాలి, అవి మిగతా తోటలా పండవు. 100 నుంచి 200 కాయలు ఒక సంచిలో వేసి చితిపి, కలిపిన రసం మీద తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టాలి. ఒక్కో కాయను విడిగా కొలిచి సంబరపడితే లాభం లేదు. రిఫ్రాక్టోమీటర్‌ని పులియడం మొదలవ్వకముందే నమ్మాలి. ఆల్కహాల్ చేరాక అది తప్పు చూపిస్తుంది, అక్కణ్నుంచి రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ వాడాలి.

రైతు వైపు నుంచి

మనం ఒక వారం ఆగుదామంటే రైతు ఎందుకు ముఖం ముడుస్తారు? చాలామంది వాన భయం అనుకుంటారు. అదీ ఉంది. కోత ముందు గట్టి వాన పడితే కాయ నీరు తాగి ఉబ్బుతుంది, తీపి పలచబడుతుంది, కొన్ని పగులుతాయి, పగిలిన చోట బూజు పడుతుంది. కానీ ఇంకో కారణం నేరుగా ఆయన చేతికొచ్చే డబ్బుకు సంబంధించింది. చివరి దశలో తీపి అంకె పెరగడంలో కొంత భాగం కాయలో నీరు ఆవిరైపోవడం వల్లే. 22 బ్రిక్స్ దగ్గర 1000 కిలోలు తూగే పంట, కేవలం నీరు తగ్గడం వల్లే 25కి చేరిందనుకుందాం. చక్కెర అంతే ఉంది కాబట్టి బరువు ఉజ్జాయింపుగా 880 కిలోలకు దిగుతుంది. కిలోల లెక్కన డబ్బు తీసుకునే రైతుకు మన వారం రోజుల ఓపిక ఖరీదు 120 కిలోలు. పక్షులు, కందిరీగలు తినేసేది దీనికి అదనం.

అందుకే కిలోల లెక్కన కుదుర్చుకున్న ఒప్పందంలో రైతూ మనమూ తెలియకుండానే చెరో వైపు నిలబడతాం. ఆయనకు ఎక్కువ గుత్తులు, నిండు నీరు, ముందు కోత లాభం. మనకు తక్కువ గుత్తులు, నిదానపు కోత లాభం. పెద్ద వైనరీలలో కొన్ని దీన్ని ఎకరం లెక్కన డబ్బు ఇచ్చి తప్పించుకుంటాయి. చిన్న గుంపు అదే పని వరుసల లెక్కన చేయొచ్చు. ఈ మూడు వరుసలకు ఇంత అని ముందే మాట అనుకుంటే ఎన్ని కిలోలు వచ్చినా డబ్బు మారదు. అప్పుడు గుత్తులు పలచన చేయమన్నా, ఇంకో నాలుగు రోజులు ఆగుదామన్నా రైతుకు నష్టం లేదు. దానికి బదులు, వడగళ్లు పడితే ఆ నష్టం మనం భరించాలి. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది. కుదరకపోతే కనీసం ఫలానా బ్రిక్స్ దాటితే కిలోకి ఇంత అదనం అనైనా మాట తీసుకోవాలి.

ఇదే మాటల్లో మందుల సంగతి కూడా అడిగేయాలి, మొహమాటపడొద్దు. ప్రతి మందుకూ కొట్టిన తర్వాత ఇన్ని రోజులు కోయకూడదన్న గడువు ఉంటుంది. గంధకం విషయంలో గడువు దాటినా జాగ్రత్త అవసరం. కోతకు దగ్గర్లో కొట్టిన గంధకం కాయ మీద మిగిలితే పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది దాని వల్లే. చివరి గంధకం ఎప్పుడు కొట్టారన్నది రైతు పుస్తకంలో చూసి రాసుకోవాలి.

కోత తేదీని ఉమ్మడిగా తేల్చడం కొత్త సమస్యేమీ కాదు. ఫ్రాన్స్‌లోని బర్గండీలో శతాబ్దాల పాటు కోత మొదలయ్యే రోజును ఊరంతటికీ కలిపి ప్రకటించేవారు. అంతకు ముందు సొంత తోటలోనైనా గుత్తి కోయడానికి వీల్లేదు. షాంపేన్ ప్రాంతంలో ఇప్పటికీ ఊరి వారీగా, రకం వారీగా తేదీలు ప్రకటిస్తారు. ఆ పాత ప్రకటనల వల్లే బర్గండీలోని బోన్ పట్టణానికి 1354 నుంచి 2018 వరకు కోత తేదీల వరుస దొరికింది. అందులో 1988 నుంచి కోతలు అంతకు ముందటి సగటు కంటే 13 రోజులు ముందుకు జరిగినట్టు తేలింది. ఈ లెక్క చూశాక, పోయినేడు ఫలానా వారంలో కోశాం కాబట్టి ఈసారీ అప్పుడే అని ముందుగా సెలవులు పెట్టుకోవడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

చిన్న గుంపుకి నేను చెప్పే పద్ధతి ఇది. తేదీ మీద ఓటింగ్ పెట్టొద్దు. సీజన్ మొదట్లోనే ఎలాంటి వైన్ కావాలో అందరూ కలిసి తేల్చుకోండి, బ్రిక్స్, పీహెచ్ ఏ హద్దుల్లో ఉండాలో రాసుకోండి. ఆ హద్దుల్లోకి వచ్చాక రోజు ఖాయం చేసే అధికారం ఒక్కరికే ఇవ్వండి. ఆయన రైతుతో మాట్లాడి రెండు రోజుల ముందు కబురు పెడతారు. వాన వస్తుందని తెలిస్తే ఒక రోజు ముందైనా సరే. రాగలిగినవాళ్లు వస్తారు. రాలేనివాళ్ల వాటా మిగతావాళ్లు కోస్తారు, రాలేనివాళ్లు ఆ తర్వాత పిండే పనిలో ఎక్కువసేపు ఉంటారు. అందరికీ ఖాళీ దొరికే ఆదివారం కోసం ఆగితే కాయ ఆగదు.

కోత, ఆ తర్వాత పంపకం

తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. చల్లగా ఉన్న కాయ చితికినా తొందరగా పాడవదు. ఎండెక్కాక కోసిన కాయ ఇంటికి చేరేలోపే తనంతట తానే పులియడం మొదలుపెట్టొచ్చు. లోతు తక్కువగా, పక్కన రంధ్రాలున్న క్రేట్లు వాడాలి, ఒక్కోదాంట్లో 15 నుంచి 20 కిలోలకు మించకుండా. లోతైన డ్రమ్ముల్లో వేస్తే అడుగున ఉన్న కాయ పై బరువుకు నలిగి రసం కారుతుంది. గుత్తిని అరచేతిలో ఆనించి పట్టుకుని, తొడిమ దగ్గర చిన్న కత్తెరతో కత్తిరించాలి. రెండో చేతి వేళ్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి, ఆకుల చాటున కత్తెరకు వేలే ముందు దొరుకుతుంది. ప్రతి గుత్తినీ క్రేట్‌లో వేసే ముందు తిప్పి చూసి, ఒకసారి వాసన చూడాలి. వెనిగర్ వాసన వస్తే ఆ గుత్తి అక్కడే నేల మీద వదిలేయాలి. బూడిద రంగు బూజు ఉంటే ఆ భాగం కత్తిరించి పారేయాలి. ఆ బూజు వదిలే లాకేజ్ అనే ఎంజైమ్ ఎర్ర వైన్ రంగును పాడు చేస్తుంది, దాన్ని మామూలు మోతాదు సల్ఫైట్ (సల్ఫర్ డయాక్సైడ్ ఇచ్చే పొడి) ఆపలేదు. ఇంటికెళ్లాక ఏరుదాం అనుకుంటే ఏరలేరు.

పంపకంలో ఒక చిన్న సంగతి పెద్ద తేడా తెస్తుంది. ఎర్ర ద్రాక్షను అంతా కలిపి చిదిపి, ఆ తర్వాత బకెట్లతో పంచుకోవడం చాలా గుంపుల్లో అలవాటు. బకెట్ ముంచినప్పుడు పైన తొక్కలు, కింద రసం ఉంటాయి. మొదట ముంచినవాళ్లకు ఒక రకంగా, చివర మిగిలినవాళ్లకు ఇంకో రకంగా వస్తుంది. రంగు, వగరు తొక్కలోనే ఉన్నాయి కాబట్టి ఒకే ద్రాక్షతో చేసినా ఒకరి వైన్ పలచగా, ఇంకొకరిది చేదుగా మారుతుంది. అందుకే పంపకం గుత్తిగా ఉన్నప్పుడే, తోటలోనే, క్రేట్లు తూచి జరగాలి. ఒక్కొక్కరికీ వేర్వేరు వరుసల క్రేట్లు కలిసేలా చూడాలి. తెల్ల ద్రాక్షకు ఇది తిరగబడుతుంది. అక్కడ ముందు కలిపి పిండాలి, ఆ తర్వాతే పంచాలి. తనంతట తాను జారే మొదటి రసం, గట్టిగా పిండితే వచ్చే చివరి రసం ఒకటి కావు. చివరి రసంలో పొటాషియం ఎక్కువ, పీహెచ్ ఎక్కువ, వగరు ఎక్కువ. అంతా ఒక ట్యాంకులో కలిపి, మడ్డి దిగనిచ్చి, అప్పుడు కొలిచి పంచుకోవాలి.

చిదిపేటప్పుడు సల్ఫైట్ వేసే లెక్క ఒకరికి అప్పగించండి. పొటాషియం మెటాబైసల్ఫైట్‌లో దాదాపు 57 శాతం సల్ఫర్ డయాక్సైడ్ ఉంటుంది. 100 లీటర్లకు లీటరుకి 50 మిల్లీగ్రాముల చొప్పున కావాలంటే 9 గ్రాములకు కాస్త తక్కువ పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పొడి దగ్గర నిలబడకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగానే చెప్పొచ్చు, కానీ మర్చిపోకూడదు. ఇంట్లో వైన్ చేయడానికి కొన్ని చోట్ల పరిమితి ఉంది, కొన్ని చోట్ల అనుమతి కావాలి, కొన్ని చోట్ల పూర్తిగా నిషేధం. అనుమతి ఉన్న చోట్ల కూడా అమ్మడం సాధారణంగా నేరం. రైతుకు అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇది తెలుసుకోవాలి. కోతకు వచ్చినవాళ్లకు తోటలో దెబ్బ తగిలితే ఎవరి బాధ్యత అన్నది కూడా అప్పుడే అడగాలి.

ఇలా కలిసి చేయడంలో నాకు అన్నింటికంటే విలువైనదిగా అనిపించేది ఆ తర్వాత వచ్చే పోలిక. ఒకే తోట, ఒకే రోజు కోత, ఒకే తూకం. ఒకరు ఒక ఈస్ట్ వాడతారు, ఇంకొకరు ఇంకోటి. ఒకరు తొక్కలతో 5 రోజులు ఉంచుతారు, ఇంకొకరు 12 రోజులు. ఏడాది తర్వాత ఆ సీసాలు పక్కపక్కన పెట్టి రుచి చూస్తే, ఏ తేడా ద్రాక్షది, ఏ తేడా మన చేతిది అన్నది స్పష్టంగా తెలుస్తుంది. ఒంటరిగా చేసేవాళ్లకు ఇది తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది. అన్ని సీసాల్లోనూ పచ్చి వాసన ఉంటే కోత తొందరపడ్డాం. ఒక్క సీసాలోనే ఉంటే లోపం ఆ ఇంట్లో ఎక్కడో ఉంది. ఈ రుచి చూసే రోజును కత్తిరింపుల కాలానికి ముందే పెట్టుకోండి, వీలైతే రైతునీ పిలవండి. కొమ్మకు ఎన్ని మొగ్గలు వదలాలో కత్తిరింపప్పుడే తేలిపోతుంది, ఆ తర్వాత గుత్తులు తగ్గించాలంటే అదనపు పని. మీ వరుసలకు ఎన్ని మొగ్గలు వదలాలో, ఆ మేరకు వరుస ధర ఎంత మారుతుందో ఆ రోజే మాట్లాడేసుకోండి.